గోష్ఠియు సంతయు

(మన గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



రజతోత్సవ సభలో నాలుగు మాటలు చెప్పవలసినదని కార్యదర్శిగారు నన్ను కోరినప్పుడు నేను వెనుకాడితిని. నేను పండితుడను కాను. గురుముఖమున కావ్యపాఠము చెప్పుకొన్నవాడను కాను. భారత భాగవతములను ఈ గ్రంథాలయపు బీరువాలనుండి ఇంటికి తెచ్చుకొని, నిఘంటువును ప్రక్కన పెట్టుకొని, తప్పులతోనే చదువుకొన్నవాడను. మా తాతతండ్రులు ఈ గ్రామమునకు కరణములు. 1984లో ప్రభుత్వము ఆ పదవులను రద్దు చేసినప్పుడు నేను బాలుడను. మా నాయనగారు దస్త్రములు మూటగట్టి అప్పగించివచ్చి వసారాలో మౌనముగా కూర్చుండుట నాకిప్పటికిని కన్నులకు గట్టినట్లున్నది. పదవి పోయినను పిలుపు పోలేదు. సహకార పరపతి సంఘములో లెక్కలు వ్రాయు నన్ను మీరందరు నేటికిని కరణముగారనియే పిలుచుచున్నారు. లెక్కలు వ్రాయువాడు ఏమి మాటలాడినను జమాఖర్చుల తీరుననే మాటలాడును. కావున నా ప్రసంగమునందును జమ యొకవైపు, ఖర్చు వేరొకవైపు చూపెదను. నిల్వ యెంతయో మీరే తేల్చుడు.

నేను ఎత్తుకొన్న విషయమిది. కొత్త విద్య యేదైన వచ్చినప్పుడు, ముఖ్యముగా ఈ కంప్యూటరు విద్య వంటిది వచ్చినప్పుడు, దానిని నేర్చుకొనుటకు రెండు విధములైన కూడికలున్నవి. పదిమందియో ఇరువదిమందియో ఒకచోట చేరి, తమకు తెలిసినది చెప్పి, తెలియనిది అడిగి తెలిసికొను చిన్న కూడిక యొకటి. దీనిని గోష్ఠి యందము. వ్యాపార సంస్థలు విశాలమైన మందిరములు అద్దెకు తీసికొని, దీపములు వెలిగించి, తమ సరకులను పరచి, వేలకొలది జనమును రప్పించు పెద్ద ప్రదర్శన మరియొకటి. దీనిని సంత యందము. సంత యనుట చిన్నచూపుతో కాదు. మన వారపు సంత లేనిదే మన పొయ్యిలో పిల్లి లేవదు. అయినను గోష్ఠికిని సంతకును భేదమున్నది. ఆ భేదమును మరచినచో నష్టపోవువారము మనమే. ఈ ప్రశ్న పట్టణములదని తలపవలదు. ప్రసంగము ముగియునప్పటికి అది మన గ్రంథాలయపు వరండాలోనికే వచ్చును.

మొదట నా స్వవిషయము విన్నవించెదను. 2022లో కేంద్ర ప్రభుత్వము దేశములోని 63,000 ప్రాథమిక వ్యవసాయ పరపతి సంఘములను కంప్యూటరీకరించు పథకమును ఆమోదించినది. కొన్నాళ్లకు ఆ గాలి మన సంఘమునకును వీచెను. ముప్పది యేండ్లుగా ఎఱ్ఱ అట్టల ఆవర్జాలలో కలముతో వ్రాసిన ఖాతాలను యంత్రమునకెక్కింపవలసి వచ్చెను. నాటి నా భయమును మీయొద్ద దాచను. మా నాయనగారు వసారాలో కూర్చున్న దృశ్యము మరల మరల మనస్సునకు వచ్చెడిది. తండ్రికి చట్టము చేసినది కుమారునకు యంత్రము చేయునేమో యని రాత్రులు నిద్ర పట్టెడిది కాదు.

ఎట్లో ఖాతాలన్నియు ఎక్కించితిని. 412 మంది సభ్యుల ఖాతాలు. చివర అంకణా తీసి చూచిన, ఆవర్జా మొత్తమునకును యంత్రపు మొత్తమునకును 2,700 రూపాయల తేడా. మూడు రాత్రులు వెదకితిని. దొరకలేదు.

ఆ దినములలోనే నగరమున గొప్ప సాంకేతిక ప్రదర్శన జరుగుచున్నదని విని, చార్జీలు పెట్టుకొని వెళ్లితిని. ద్వారమునొద్ద నా పేరును, ఫోను నంబరును వ్రాసికొని మెడలో ఒక చీటీ వ్రేలగట్టిరి. లోపల ఇంద్రసభయే. నారుమడిపై ఎగురుచు మందు చల్లు డ్రోనును నేను మొదట చూచినది అక్కడనే. చిన్న సంఘముల లెక్కలకు వలసిన ప్రోగ్రాములు ఎన్ని రకములున్నవో తెలిసినది కూడ అక్కడనే. ఇది జమవైపు వ్రాయవలసినదే. అయితే నా సందేహము తీర్చువారి కొరకు బల్ల బల్ల దగ్గరకు పోయితిని. ఒక కుఱ్ఱవాడు మర్యాదగా కుర్చీ వేసి, "సార్, మీ సంస్థ ఏడాదికి ఎంత వ్యాపారం చేస్తుంది?" అని యడిగెను. చెప్పితిని. అతని చిరునవ్వు కొంత తగ్గెను. "మా ప్రతినిధి మీకు ఫోన్ చేస్తారు సార్" అని ఒక కార్డు చేతబెట్టెను. ఫోను వచ్చినమాట నిజమే. కొనుట లేదని చెప్పినతోడనే అది మరల రాలేదు. ఆ కుఱ్ఱవానిని నేను తప్పు పట్టను. అతడు అక్కడ నిలువబడినది అమ్ముటకు, చెప్పుటకు కాదు. సాయంకాలము మూడు గుడ్డసంచులతోను, ఏడు కలములతోను ఇల్లు చేరితిని. 2,700 రూపాయల తేడా మాత్రము నాతోకూడ పోయి నాతోకూడనే తిరిగివచ్చెను.

మరునాడు ఆదివారము. ఈ గ్రంథాలయపు వరండాలో ఆదివారపు సాయంకాలములందు మన యువకులును బాలికలును కూడి, పాత కంప్యూటరులను విప్పి బిగించుచు, ఫోనులు బాగుచేసికొనుచు, ఏవో ముచ్చటలాడుకొనుచుందురని మీకు తెలియును. నేను భాగవతము తిరిగి ఇచ్చుటకు వచ్చితిని. వారిలో ఇంజనీరింగు చదువుచున్న ఒక రైతుబిడ్డ నా ముఖము చూచి, "ఏం బాబాయిగారూ, అలా దిగులుగా ఉన్నారు?" అని యడిగెను. చెప్పితిని. చెప్పుచుండగా నాకే మా తాతగారు నేర్పిన కిటుకొకటి జ్ఞప్తికి వచ్చెను.

"అమ్మాయీ, 2,700ను తొమ్మిదితో భాగించు."

"మూడువందలండీ. శేషం లేదు. అయితే ఏమిటి?"

"అయితే ఎక్కడో రెండంకెలు తారుమారైనవి. తొమ్మిదితో నిశ్శేషముగా పోవు తేడా వచ్చినప్పుడు మొదట శంకింపవలసినది దానినే. పదులలోని అంకెను ఒకట్లలోను, ఒకట్లలోనిదానిని పదులలోను వేసినచో వచ్చు తేడా, ఆ యంకెల భేదమునకు తొమ్మిది రెట్లు. వేలును వందలును తారుమారైనచో తొమ్మిదివందల రెట్లు. మనకు వచ్చినది 2,700. కనుక ఆ రెండంకెల భేదము మూడు."

ఆమె కన్నులు మెరసినవి. నేను చెప్పిన సూత్రమును యంత్రమునకు చెప్పి, వేలస్థానమునకును వందలస్థానమునకును భేదము మూడుగా నున్న పద్దులను మాత్రమే వేరుచేసెను. 412లో పందొమ్మిది మిగిలినవి. ఆ పందొమ్మిదింటిని ఆవర్జాతో పోల్చితిమి. ఎనిమిదవ పద్దులో దొంగ దొరకెను. 3,650 వ్రాయవలసినచోట నేను 6,350 అని కొట్టియుంటిని.

ఆనాడు ఆ వరండాలో గురువెవరు? శిష్యుడెవరు? మా తాతగారి కిటుకు లేనిదే ఆమెకు ఏమి వెదకవలెనో తెలియదు. ఆమె విద్య లేనిదే నాకెట్లు వెదకవలెనో తెలియదు. సంతలో నేను కొనువాడను మాత్రమే. కొననప్పుడు ఎవడనును కాను. గోష్ఠిలో నాకు రానిది కొంతయున్నను, నాకు వచ్చినది కొంతయుండెను. ఆ రాత్రి నేను హాయిగా నిద్రపోయితిని. ఆ తరువాత ఆదివారములందు పిల్లలు నాకు కంప్యూటరు నేర్పిరి. నేను వారికి చిట్టా, ఆవర్జా నేర్పితిని.

ఇట్టి వరండా యొకటి యాబదియేండ్లకు పూర్వము అమెరికాలో వెలసెననియు, నేడు మన చేతులలో మెరయు యంత్రములలో పెక్కింటికి అది పురిటిల్లనియు ఆ పిల్లలే నాకు చెప్పిరి. ఆ కథను గ్రంథములు తెప్పించి చదివితిని. సంగ్రహముగా విన్నవించెదను.

1975 వరకు కంప్యూటరనగా ప్రభుత్వముల సొత్తు, పెద్ద సంస్థల సొత్తు. ఆ యేడు జనవరిలో ఒక పత్రిక ముఖపత్రముమీద ఆల్టేరు 8800 అను చిన్న యంత్రము బొమ్మ పడెను. విడిభాగముల పెట్టె వెల నాలుగువందల డాలర్లకు లోపు. కొన్నవాడు తానే బిగించుకొనవలెను. దాని జ్ఞాపకశక్తి 256 అక్షరములు, అనగా ఒక సీసపద్యమైనను పట్టదు. మీటలు పైకి క్రిందికి త్రిప్పి ఆజ్ఞలీయవలెను; చిన్న దీపములు వెలిగి ఆరుటయే దాని ప్రత్యుత్తరము. అట్టి యంత్రమును చూడవలెనని తహతహలాడు ముప్పదిరెండుగురు 1975 మార్చి 5వ తేదీ రాత్రి కాలిఫోర్నియా రాష్ట్రములో మెన్లో పార్కు అను ఊర గోర్డను ఫ్రెంచి యను నతని కారుషెడ్డులో కూడిరి. వారిని పిలిచినది అతడును, ఫ్రెడ్ మూరు అను శాంతికాముకుడును. దానికి కాలక్రమమున హోంబ్రూ కంప్యూటరు క్లబ్బను పేరు స్థిరపడెను. ఇంట కాచుకొన్న పానీయము వంటి ఇంటివిద్య యని ఆ పేరు భావము.

కొలది వారములకే ఒకనాటి సమావేశమునకు స్టీవ్ డాంపియరను సభ్యుడు తన ఆల్టేరును, ఒక చిన్న రేడియోను తెచ్చెను. యంత్రమును నడపినప్పుడు దాని విద్యుత్తు ప్రక్కనున్న రేడియోలో గరగర మనిపించుటను అతడు గమనించియుండెను. ఆ గరగరను స్వరములుగా కూర్చి, మీటలతో ఆజ్ఞలెక్కించి, ఆ కాలపు జనప్రియమైన పాట నొకదానిని వినిపించెను. మాట రాని యంత్రము పాడినది. సభ్యులు లేచి నిలువబడి కరతాళధ్వనులు చేసిరి. ఆ పాటకు టిక్కెట్టు లేదు. ఆ మెలకువను అతడు దాచుకొనలేదు.

క్లబ్బు పెద్దదై ఒక పరిశోధనాలయపు సభాశాలకు మారిన తరువాత, లీ ఫెల్సెన్‌స్టైనను నతడు సభను నడపెడివాడు. అతడు పెట్టిన పద్ధతి ముచ్చటైనది. మొదట ఒక్కొక్కరు లేచి తమయొద్ద ఏమున్నదో, తమకేమి కావలెనో చెప్పవలెను. అందరి లేములును కలుములును సభకు తెలిసిన పిదప, ఎవరికి ఎవరితో పనియున్నదో వారు వారిని వెదకికొని గుంపులుగా చేరి మాటలాడుకొనవలెను. ఉపన్యాసము తక్కువ, పరస్పరము ఎక్కువ. ఆ సభలో వెనుక వరుసలలో కూర్చుండు సిగ్గరియైన యువకుడొకడు స్టీవ్ వాజ్నియాకు. తాను కల్పించిన యంత్రపు పటమును నకళ్లు తీసి అడిగినవారికెల్ల ఊరకే పంచిపెట్టెను. ఆ యంత్రమే తరువాత యాపిల్ అను సంస్థకు మొదటి సరకు. 1976 ఏప్రిల్ 1న ఆ సంస్థ పుట్టినది. ఆ క్లబ్బు సభ్యుల చేతులమీదుగా పుట్టిన సంస్థలు ఇరువదికి పైబడియున్నవందురు.

ఇంతవరకు గోష్ఠికి జమ. ఇక ఖర్చువైపు చూపవలెను; లేనిచో నా లెక్క దొంగలెక్క యగును.

ఆల్టేరు యంత్రమునకు బేసిక్ అను భాషను బిల్ గేట్సు, పాల్ అలెనను ఇద్దరు యువకులు మిత్రుని తోడ్పాటుతో శ్రమించి సిద్ధపరచిరి. అది వెలకు అమ్ముదురు. 1975లో ఒక ప్రదర్శనలో దాని కాగితపు టేపొకటి క్లబ్బు సభ్యుల చేతిలో పడెను. డాన్ సోకోలను నతడు దానికి నకళ్లు తీసి క్లబ్బులో పంచిపెట్టెను. ఒకటి తీసికొన్నవారు రెండు చేసి తీసికొనిరావలెనని దానికి నియమము. చూచుటకు ఔదార్యమే. కాని అది పరుల కష్టార్జితముతో చేసిన ఔదార్యము. 1976 ఫిబ్రవరిలో గేట్సు ఒక బహిరంగలేఖ వ్రాసెను. మీలో అధికులు దీనిని దొంగిలించి వాడుచున్నారు, కూలి గిట్టని పనిని ఎవరు చేయగలరని దాని సారాంశము. సభ్యులలో పలువురు ఆగ్రహించిరి. నేను లెక్కలవాడను; ఆ లేఖలోని న్యాయమును త్రోసివేయజాలను. పాలేరు కూలి ఎగవేసి అన్నదానము చేసినవానికి పుణ్యము రాదు.

అయితే ఆ తగవునకు క్లబ్బులోనుండియే ఒక సమాధానము వచ్చెను. టామ్ పిట్‌మన్ అను సభ్యుడు తానొక చిన్న బేసిక్‌ను వ్రాసి అయిదు డాలర్లకు అమ్మకమునకు పెట్టెను. జనులు కొనిరి. వెల న్యాయమై, చేసినవాడు తమలోనివాడైనప్పుడు మనుష్యుడు ఊరక దొంగతనమునకు పూనుకొనడని దీనివలన తెలియుచున్నది. గోష్ఠికి వెల పనికిరాదని కాదు. వెల మాటను మించి పెరుగరాదు.

ఇక సంత కథ. 1977 ఏప్రిల్‌లో జిమ్ వారెనను నతని పూనికతో శాన్‌ఫ్రాన్సిస్కోలో మొదటి వెస్టు కోస్టు కంప్యూటరు ఫెయిరు జరిగెను. పన్నెండువేల మందికి పైగా వచ్చిరి. యాపిల్ రెండవ యంత్రమును లోకమునకు చూపినది అక్కడనే. కారుషెడ్డులో ముప్పదిరెండుగురు చూచిన కలను రెండేండ్లలో వేలమంది కన్నులార చూచిరి. ఇది సంత చేసిన మేలు. గోష్ఠి మొలకెత్తించును గాని పండిన పంటను ఊరూర చేర్చలేదు. దానికి సంత కావలెను.

1979లో షెల్డన్ అడెల్సనను వ్యాపారి లాస్‌వేగాసు నగరములో కామ్‌డెక్సు అను ప్రదర్శనను ప్రారంభించెను. ఇది మొదటినుండియు వర్తకులకు వర్తకులు సరకు చూపుకొను సంత. ఏటేట పెరిగి రెండులక్షల జనము వచ్చునంతటిదాయెను. హోటళ్లలో గదులు దొరకెడివి కావు. 1995లో అడెల్సనును అతని భాగస్వాములును దానిని జపాను దేశపు సాఫ్టుబ్యాంకు సంస్థకు ఎనుబది కోట్ల డాలర్లకు పైబడిన వెలకు అమ్మివేసిరి. జనులు కూడుటయే ఒక సరకై అమ్ముడుపోవుట విచిత్రము కాదా! ఎనిమిదేండ్లు గడచినవి. పెద్ద సంస్థలు ఒక్కొక్కటిగా అంగళ్లు ఎత్తివేసినవి. ఆ మైదానపు అద్దె గిట్టుట లేదనుకొన్నవి. 2003 నవంబరులో జరిగినదే లాస్‌వేగాసులో దానికి కడపటి ఉత్సవము. 2004లో జరుగవలసినది రద్దయ్యెను.

చూచితిరా! లాభమే స్తంభముగా నిలిచిన పందిరి, లాభము తొలగిన మరునాడే కూలినది. అయితే హోంబ్రూ క్లబ్బు చిరంజీవియై యున్నదా? లేదు. 1986 డిసెంబరులో అదియును ముగిసినది. సభ్యులు సంస్థలు పెట్టిన కొలది ఒకనాడు బల్లమీద పరచిన పటములు వ్యాపార రహస్యములైనవి. నోరార మాటలాడిన మిత్రులు ఒకరినొకరు చూచి ఆచితూచి పలుకవలసి వచ్చినది. కనుక సంతను బయటివారు తెచ్చి గోష్ఠిపై పడవేయుదురని మాత్రమే తలపరాదు. అది మనలోనుండియే మెల్లగా మొలచును.

మన సారస్వతమునందు గూడ ఈ రెండు మార్గములును కలవు. నన్నయభట్టారకుడు రాజమహేంద్రవరమున రాజరాజనరేంద్రుని కొలువునందే భారతాంధ్రీకరణమునకు పూనుకొనెను. రాజాశ్రయము లేనిదే అంతటి కార్యము సాగకపోవునేమో. కాని తనకు తోడుపడినవాడు సహాధ్యాయుడైన నారాయణభట్టని ఆయనయే గ్రంథమున చెప్పుకొనెను. కొలువు ధనమిచ్చినది, మిత్రుని గోష్ఠి విద్యనిచ్చినది. శ్రీనాథుడు కొండవీటి రెడ్డిరాజుల యాస్థానమున విద్యాధికారియై వెలిగెను. ఆయన నైషధము లేని తెలుగు బీదది. కాని ఆ ప్రభువులు పోయిన పిదప ఆయన పడిన పాట్లను చాటుకథలు నేటికిని చెప్పుచున్నవి. పోతన భాగవతమును రాజునకు అంకితమీయలేదు. రాజులు గతించిరి, భాగవతము పల్లెపల్లెనను నిలిచినది.

ఆ పోతన పేరు కంప్యూటరులో గూడ నిలిచియున్నదని తెలిసి నేను పులకించితిని. తిరుమల కృష్ణ దేశికాచారిగారు పోతన యనియు, వేమన యనియు పేర్లు పెట్టి తెలుగు అక్షరరూపములను తీర్చి ఉచితముగా లోకమునకిచ్చిరి. అంతకు ముందే, 1990 దశకపు తొలినాళ్లలో, అమెరికాలోని రైసు విశ్వవిద్యాలయమున కన్నెగంటి రామారావుగారును ఆనంద కిశోరుగారును ఆంగ్లాక్షరములతో కొట్టి తెలుగును పొందు పద్ధతి నొకదానిని కల్పించిరి. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా ప్రారంభమైనది. జీతము లేకయే వ్రాయువారు నేటికిని దానిని పెంచుచున్నారు. వీనిలో ఏదియు సంతలో పుట్టినది కాదు. తెలిసినవాడు తెలియనివానికి ఇచ్చిన చేబదులు ఇది. వడ్డీ లేని అప్పు.

పెద్ద సభలన్నియు సంతలు కావనియు చెప్పవలెను. 1914 ఏప్రిల్ 10వ తేదీన బెజవాడలో అయ్యంకి వెంకటరమణయ్యగారు మున్నగువారి పూనికతో ఆంధ్రదేశ గ్రంథభాండాగారుల ప్రథమ మహాసభ జరిగినది. అది పెద్ద సభయే. కాని చిన్న చిన్న గ్రంథాలయముల ప్రతినిధులు తమ కష్టసుఖములు చెప్పుకొనుటకు కూడిన సభ యది. ఆ ఉద్యమపు కొమ్మయే మన గ్రంథాలయము. కనుక చిన్నతనమును పెద్దతనమును కాదు మనము కొలువవలసినది. వచ్చినవానిచేతిలో ఇచ్చునది కొంతయైన నున్నదా, లేక అతని జేబు మాత్రమే చూడబడుచున్నదా? ఇదియే కొలబద్ద.

ఇప్పుడు వరండాలోనికి వచ్చెదను.

మన గ్రంథాలయపు కప్పు కారుచున్నదని మీకు తెలియును. పోయిన వర్షాకాలమున రెండు బీరువాల పుస్తకములు తడిసినవి. మూడులక్షల రూపాయలు కావలెనని తాపీమేస్త్రి అంచనా కట్టెను. మన నిల్వలో నలుబదియొకవేయి యున్నది. ఈ స్థితిలో ఒక వ్యాపార సంస్థ, పేరెందుకు లెండు, మనకొక లేఖ వ్రాసినది. ఏటేట రెండు దినములు మన ఆవరణలో సాంకేతిక ప్రదర్శన జరుపుకొందుమనియు, కప్పునకు మూడులక్షలు ఒక్కసారిగా ఇత్తుమనియు అందున్నది. దానికి రెండు నియమములు పెట్టిరి. ఆదివారపు గోష్ఠి ఇకమీదట వారి పేరున, వారి సరకులపైననే జరుగవలెను. అందుకు వచ్చువారి పేర్లును ఫోను నంబరులును వారికి అందజేయవలెను.

కోశాధికారిగా ఆ లేఖను మొదట చదివినవాడను నేను. సిగ్గు విడిచి చెప్పుచున్నాను, మొదట నాకు ఒప్పుకొందమనియే తోచెను. మూడులక్షలు! తడిసిన భారతమును ఎండలో ఆరబెట్టిన చేతులివి. ఒప్పుకొనుడని సంఘమునకు వ్రాతపూర్వకముగా సలహా నిచ్చితిని. ఆ రాత్రి అంకణా తీయుచు కూర్చున్నప్పుడు, ఆ మూడులక్షలను జమవైపు వ్రాసితిని. ఖర్చువైపు ఏమి వ్రాయవలెనో తెలిసినది కాదు. వరండాలో "ఏం బాబాయిగారూ" అని పలుకరించిన బిడ్డ ఇకమీదట "ఏం కొంటారు సార్" అని యడుగవలసివచ్చును. దాని వెల యెంతని వ్రాయను? మన యాడపిల్లల ఫోను నంబరులు, మన రైతుల పేర్లు, ఇవి ఆవర్జాలో ఎక్కించి అమ్ముకొనదగిన ఆస్తులా? నాకు లెక్క కుదరలేదు. తొమ్మిదితో భాగించినను తేలని తేడా యది.

కనుక నా సలహాను ఈ సభాముఖమున వెనుకకు తీసికొనుచున్నాను. దానికి బదులుగా ఇట్లు విన్నవించుచున్నాను. సంతను తరిమివేయవలదు. ఆ సంస్థ కాని, మరి యే సంస్థ కాని రెండు దినములు ఆవరణను అద్దెకు తీసికొని తమ సరకు చూపుకొనవచ్చును. అద్దెకు రసీదిత్తము. చూడదలచినవారు చూతురు, కొనదలచినవారు కొందురు. ఆదివారపు గోష్ఠిని మాత్రము ఎవరి పేరునను వ్రాసియీయరాదు. అక్కడికి వచ్చువారు ఒక ప్రశ్నయో ఒక సమాధానమో తేవలెను. అమ్మదలచిన సరకు గలవారు అది ముందే చెప్పి మాటలాడవలెను. పరుల కష్టార్జితమును నకలు చేసి పంచుటయు మనకు వలదు. ఉచితముగా ఇయ్యబడినదానిని పంచుకొందము, వెలగలదానికి వెల చెల్లింతము. ప్రతి ఆదివారము ఎవరివలన ఎవరు ఏమి నేర్చిరో ఒక చిట్టాలో వ్రాయుడు. ఆ చిట్టా వ్రాయుపని నాది.

మరి కప్పు సంగతి? సంస్థ ఈ షరతులకు ఒప్పుకొనకపోవచ్చును. అప్పుడు వచ్చు వర్షాకాలమునందును మనము బీరువాలపై టార్పాలిను కప్పుకొనవలసివచ్చును. ఇది దాచదగిన సంగతి కాదు. నా మాట విన్నందువలన పుస్తకములు తడిసినచో ఆ నింద నాదే. కావున నా వంతుగా ఒక నెల జీతమును నేడే కోశములో జమ చేయుచున్నాను. చందాదారులు తమ శక్తికొలది ఇత్తురుగాక. మూడులక్షలు మూడేండ్లలో కూడినను అవి మన మూడులక్షలు.

ఇరువదియైదేండ్ల క్రిందట ఈ గ్రంథాలయమును ఒక పాత బీరువాతో ప్రారంభించిన పెద్దలలో కొందరు నేడు లేరు. వారు పుస్తకములను అమ్మలేదు. చదివి తిరిగి తెమ్మని యిచ్చిరి. ఆ నమ్మకమే మన మూలధనము. స్వర్ణోత్సవము నాటికి నేనుందునో లేదో తెలియదు. ఆనాడు ఈ వరండాలో ఒక ముసలివాడు దిగులుగా నిలిచియున్నచో, అతనిని చూచి "ఏం బాబాయిగారూ" అని పలుకరించు బిడ్డ యొకతె ఉండవలెనని మాత్రమే నా కోరిక.

 వచ్చు ఆదివారము సాయంకాలము అయిదు గంటలకు వరండాలో కలిసికొందము. వచ్చునప్పుడు ఒక ప్రశ్న తెచ్చుకొనుడు.